అర్జీలో కొట్టేసిన వాగు

జనగామలో మాది బట్టల దుకాణం. బడి అయిపోగానే గల్లా పక్కన కూర్చుని మా నాయిన బేరమాడటం చూస్తూ పెరిగాను. తర్వాత పార్టీ జెండా పట్టుకున్నాను గానీ, గొంతు మాత్రం దుకాణందే. భూపాలపల్లి వైపు పనిచేసిన రోజుల్లో నేను మైకు అందుకుంటే ఆషాఢం తగ్గింపు ధరలు చదువుతున్నట్టుందని తోటి కార్యకర్తలు నవ్వేవాళ్లు.

ఆ తర్వాత నన్ను మహబూబాబాద్ జిల్లాకు, డోర్నకల్ దగ్గరి ఒక తండాకు పంపారు. వాళ్లకేం కావాలో రాసుకుని, అర్జీ తయారుచేసి, సోమవారం జిల్లా ఆఫీసులో ఇవ్వాలి. ఎండాకాలం చివర అది. రేకుల పందిరి కింద అందరం కూర్చుంటే మూడు కోరికలు తేలాయి. మంచినీళ్ల బోరుకు మోటారు కావాలి. రేషన్ బియ్యం తండాలోనే ఇవ్వాలి. దారికి అడ్డంగా ఉన్న వాగులో నాలుగు తూములు వేసి పైన మొరం పోయాలి. ఈ మూడోది అడిగింది ఒక అవ్వ.

"కోడలికి ఏడో నెల బిడ్డా. వాన పడ్డదంటే ఆటో వాగు అవతల్నే ఆగుతది. దవాఖానకు ఎట్ల తీస్కపోవాలె?"

విన్నాను, రాసుకున్నాను కూడా. ఆ తర్వాతే నా బుద్ధి బయటపడింది.

"మూడడిగితే ఒక్కటి గూడ రాదు. ఒక్కటే అడుగుదాం, గట్టిగ అడుగుదాం," అన్నాను.

"రెండన్న పెట్టు," అంది అవ్వ.

"రెండైతే నేను మాటియ్యలేనవ్వా."

అంటూనే కాగితం మడతపెట్టాను. దుకాణానికొచ్చిన గిరాకీ కొనేదీ లేనిదీ తేల్చకపోతే మేం చీర మడతపెట్టడం మొదలుపెడతాం. చాలామంది అక్కడే దిగొస్తారు. వీళ్లూ దిగొచ్చారు. మోటారు ఉంచి మిగతా రెండూ కొట్టేశాను. మోటారైతే తొందరగా వస్తుంది, మా పార్టీ పేరు చెప్పుకోవచ్చు అన్న ఆశ కూడా ఉంది. లేదని అబద్ధమాడను.

సోమవారం ఆఫీసరు అర్జీ చదివి సంతకం పెట్టి, "ఇంతేనా?" అన్నాడు. గంటసేపు వాదించడానికి సిద్ధపడి వెళ్లినదాన్ని, "ఇంతే సార్," అని బయటపడ్డాను. సంతోషించాలో ఏడవాలో తెలియక నాయినకు ఫోన్ చేశాను.

"ఒక్క మాటకే ఒప్పుకున్నడా? అయితే తక్కువ అడిగినవ్. ఎవల దిక్కు కూసున్నవే నువ్వు?"

"తండావాళ్ల దిక్కే నాయినా."

"మరి తగ్గించింది ఎవలి కోసం?"

ఆఫీసరు నోరు తెరవకముందే ఆయన తరఫున బేరమాడి, మా వాళ్లను ఓడించి, గెలిచానని బస్సెక్కాను.

మరుసటి సోమవారం తూముల కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లాను. "మొన్ననే రెండూ రాసిస్తే కలిపి పంపేవాణ్ణి కదమ్మా. ఇక వానల్లో పని సాగదు. దసరా తర్వాత చూద్దాం," అన్నాడాయన. మర్యాదగా చెప్పడంతో కోపం తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది.

తండాకు మోటారు వచ్చింది. నాకు శాలువా కప్పారు. వద్దనలేక కప్పించుకుని, అలాగే అవ్వ ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. కోడలు గడప దగ్గర బియ్యం ఏరుతోంది. పొట్ట బాగా కనిపిస్తోంది.

"తల్లిగారింటికి పంపరాదా అవ్వా?" అన్నాను.

"ఆళ్లది ఇంకా లోపలుంటది. ఆడికి తొవ్వే సక్కగ లేదు." అవ్వ కాసేపు నా శాలువా వైపు చూసింది. "ఒక పని చెయ్. వాన పడ్డప్పుడల్లా ఆటో తెచ్చి వాగు అవతల నిలబెట్టు. మేం మంచం మీద మోసుకొస్తం."

"తెస్త."

"నడిరాత్రి పడ్డా?"

"పడ్డా తెస్త."

"ఎన్ని దినాలని అడుగవా?"

అడగలేదు. బొగ్గుముక్కతో వాళ్ల గోడ మీద నా ఫోన్ నంబరు పెద్దగా రాసి బయటికొచ్చాను. చేలల్లో పత్తి గింజలు పెట్టి తండా అంతా వాన కోసం చూస్తోంది. దూరంగా మబ్బు పట్టింది. అది రావాలని మొక్కుకోవాలో, కొన్నాళ్లు ఆగమని మొక్కుకోవాలో తెలియక నేనొచ్చిన బండి పక్కనే చాలాసేపు నిలబడిపోయాను.