ఆకుపచ్చ తీగ, పుస్తెలతాడు పిన్నీసు

నాకు కోపం వస్తే నోరు ఆగదు, సంతోషం వస్తే కాళ్లు ఆగవు. ఆ ఆదివారం పొద్దున రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. సూరత్ శివారు ఉన్‌లో మా గది కింద అద్దెకున్నవాళ్లు ఏమనుకున్నారో ఇప్పటికీ నేను అడగలేదు.

శనివారం సాయంత్రం నా కంప్యూటర్ ఆగిపోయింది. బటన్ నొక్కితే చిన్న దీపం ఒక్కసారి వెలిగి ఆరిపోతోంది, అంతే. అది ఊరికే పెట్టుకున్న కంప్యూటర్ కాదు. చీర మీద ఎంబ్రాయిడరీ మిషన్ ఏ కుట్టు ఎక్కడ వేయాలో ముందుగా గీసిపెట్టే పని నాది. సూరత్‌లో దాన్ని పంచింగ్ అంటారు. నా దగ్గరున్న సాఫ్ట్‌వేర్ పాతది. కంప్యూటర్ వెనకాల వెడల్పాటి సాకెట్‌లో దాని తాళం బిళ్ల పెడితేనే తెరుచుకుంటుంది. అలాంటి సాకెట్ ఉన్న బోర్డులు ఇప్పుడు దొరకడం లేదు. బోర్డు పోతే సాఫ్ట్‌వేర్ పోయినట్టే. సాఫ్ట్‌వేర్ పోతే నేను మళ్లీ ధాగా కటింగ్‌కు పోయినట్టే.

పెళ్లికి ముందు నుంచీ మొత్తం ఆరేళ్లు ధాగా కటింగ్ చేశాను. మిషన్ ఒక పువ్వు కుట్టి ఇంకో పువ్వుకు దూకేటప్పుడు మధ్యలో దారం వదిలేస్తుంది. ఆ దారాలను కత్తెరతో ఒక్కొక్కటే తెంపాలి. మూటలు మూటలుగా చీరలు ఇంటికే వస్తాయి. బొటనవేలు కాయ కాస్తుంది, మెడ పట్టేస్తుంది, చీర మీద ఏ పువ్వుందో చూసే తీరిక కూడా ఉండదు. నానా తిప్పలు పడి పంచింగ్ నేర్చుకుని ఆ మూటల్లోంచి బయటపడ్డాను. రెండేళ్లు ఇతరుల డిజైన్లకు నకళ్లు గీశాను. మొదటిసారి నా సొంతంగా తంగేడు పూల అంచు ఒకటి మొదలుపెడితే, ఒక చీరల వ్యాపారికి నచ్చి, సోమవారం ఫైలు పంపితే శాంపిల్ కుట్టించి చూద్దాం అన్నాడు. ఆ ఫైలు సగంలో ఉంది. ఆ సగం కూడా ఆగిపోయిన కంప్యూటర్ లోపలే ఉంది.

మా ఆయన నాకు మేనబావ. పల్సానాలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. ఆయన మంచితనం ఒక్కోసారి నా ప్రాణం తీస్తుంది. కంప్యూటర్ ఆగిందని తెలిసిన గంటకే పక్కింటి అక్క దగ్గరికి వెళ్లి, ఆమెకు వచ్చే ధాగా కటింగ్ మూటల్లో ఒకటి తెచ్చి మా గుమ్మం పక్కన పెట్టాడు.

"గిదేంది బావా?"

"ఖాళీగ కూసుంటే నీకు పిచ్చి లేస్తది. అది బాగయ్యేదాక చేసుకో."

"పిచ్చి నాకు కాదు, నీకు లేసింది!" అని మూటను కాలితో అవతలికి నెట్టాను. ఆ రాత్రంతా ఆయనతో మాట్లాడలేదు.

పొద్దున రిపేరు దుకాణానికి ఫోన్ చేశాను. "పహలే సప్లై చెక్ కరో, బెన్. సప్లై ఠీక్ హై తో బోర్డ్ గయా" అన్నాడు దుకాణదారు. ముందు సప్లై చూసుకో, అది బాగుంటే బోర్డు పోయినట్టే అని. కొత్త సప్లై డబ్బా ఒకసారి విప్పితే వాపసు తీసుకోడట, అందుకని ముందే చూసుకుని రమ్మన్నాడు. సప్లై అంటే గోడ కరెంటును తీసుకుని కంప్యూటర్‌కు కావలసినంత మేరకు తగ్గించి పంచే ఇనుప పెట్టె. అంటే నేను కోరుకోవలసింది ఒక్కటే. సప్లై చచ్చి ఉండాలి, బోర్డు బతికి ఉండాలి.

మా ఆయన స్క్రూడ్రైవర్ తీసుకుని వెనకాల నాలుగు స్క్రూలు విప్పి, తీగలన్నీ ఊడదీసి, సప్లైని బయటకు లాగి స్టూలు మీద పెట్టాడు. ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాడు. దాని ఫ్యాన్ కదల్లేదు.

"ఖతం. సచ్చింది."

"గంతేనా?"

"ఇంకేంది? సాంచా మోటారుకు కరెంటిస్తే తిరగాలె. తిరుగకుంటే సచ్చినట్టే."

నాకు ఎంత సంతోషమైందంటే, రాత్రి నుంచి మాట్లాడనిదాన్ని లేచి ఆయనకు చాయ్ పెట్టాను. అయినా మనసులో ఒక మూల గుచ్చుతూనే ఉంది. చాయ్ మరుగుతుండగా ఫోన్‌లో ఒక వీడియో చూశాను. కంప్యూటర్ సప్లై సాంచా మోటారు లాంటిది కాదట. గోడ నుంచి కరెంటు అందినా ఊరికే తిరగదు, బోర్డు రమ్మని పిలవాలి. బోర్డుకు తగిలించే పెద్ద ప్లగ్గులో ఒకే ఒక్క ఆకుపచ్చ తీగ ఉంటుంది, దాన్ని పక్కనున్న నల్ల తీగతో కలిపితే బోర్డు పిలిచినట్టే. మా బావ పరీక్ష ఉత్తదే అన్నమాట.

కలపడానికి చిన్న ఇనుప తీగ కావాలి. తలపిన్నులకు నల్ల రంగు పూత ఉంటుంది, పనికిరావు. నా పుస్తెలతాడుకు ఎప్పుడూ మూడు పిన్నీసులు వేలాడుతుంటాయి. పాలప్యాకెట్‌కు రంధ్రం చేయాలన్నా, కాలిలో ముల్లు తీయాలన్నా, తెగిన చెప్పు అతకాలన్నా మా ఇంట్లో అవే సాధనాలు. ఒకటి తీసి పటకారుతో తల విరిచి వంచాను.

"ఓ పిల్లా! పుస్తెలతాడు పిన్నీసు కరెంటుల పెడ్తవా? నేనింక బతికే ఉన్న!"

"నువ్వు బతికుండాల్నంటె జర పక్కకు జరుగు."

గోడ ప్లగ్గు తీసేసి, కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకుని, పిన్నీసు ఒక కొనను ఆకుపచ్చ తీగ రంధ్రంలోకి, ఇంకో కొనను నల్లదాని రంధ్రంలోకి దూర్చాను. సప్లై మీద కొంచెం బరువు పడాలని పాత సీడీ డ్రైవు ఒకటి తగిలించాను. అది తక్కువ కరెంటే, భయం లేదని ఎంత చెప్పినా వినకుండా మా ఆయన చపాతీ కర్ర పట్టుకుని నిలబడ్డాడు, నన్ను షాక్ కొడితే నన్ను కొట్టడానికి. ప్లగ్గు పెట్టి, చేయి వెనక్కి తీసుకుని స్విచ్ వేశాను.

ఫ్యాన్ తిరిగింది! సీడీ డ్రైవు దీపం వెలిగింది. "తిరుగుతుంది! బావా, తిరుగుతుంది!" అని ఎగిరి గంతేశాను. ఆయన కూడా కర్ర పైకెత్తి గంతేశాడు. రెండు నిమిషాల తర్వాత ఇద్దరికీ ఒకేసారి తెలిసొచ్చింది. సప్లై బాగుందంటే బోర్డు పోయిందని. నేను నేల మీద కూలబడ్డాను. ఎదురుగా గుమ్మం పక్కన మూట కనిపిస్తోంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మా ఆయన తిరుగుతున్న ఫ్యాన్ మీదికి వంగాడు. చెవి దగ్గరపెట్టి విన్నాడు.

"తిరిగితే ఏమాయె?" అన్నాడు మెల్లగా. "సాంచా గూడ తిరుగుతనే ఉంటది. పోగు తెగినా తిరుగుతది, గుడ్డ ఖరాబొస్తది. తిరుగుడు చూడొద్దు, వచ్చే మాల్ చూడాలె."

నాలుగేళ్ల కాపురంలో ఆయన మీద అంత ప్రేమ నాకెప్పుడూ రాలేదు. ఆ మాట ఆయనకు చెప్పాను కూడా. "ముందుగాల మీటర్ తెస్త" అని సిగ్గుపడుతూ కిందికి ఉరికాడు. వీధిలో మోటార్లు చుట్టే దుకాణంలో కరెంటు కొలిచే మీటర్ అడిగి తెచ్చాడు. వీడియోలో చెప్పినట్టు నల్ల పుల్ల నల్ల తీగలో, ఎర్ర పుల్ల ఎర్ర తీగలో పెట్టి చూస్తే ఐదు వోల్టులు ఉండాల్సిన చోట ఐదుకు దగ్గరగానే ఉంది. బోర్డే పోయిందనుకున్నాను. తర్వాత పసుపు తీగ. పన్నెండు ఉండాలి. తొమ్మిది పాయింట్ ఎనిమిది చూపించింది. చూస్తుండగానే తొమ్మిది పాయింట్ రెండుకు దిగింది.

"మాల్ ఖరాబుంది!" అని నేను అరిచిన అరుపుకు పక్కింటి అక్క పరిగెత్తుకొచ్చింది. ఏమైందని ఆమె అడుగుతుంటే మా ఆయన ఛాతీ విరుచుకుని, "నేను పొద్దుగాలనే చెప్పిన, సచ్చిందని" అన్నాడు. ఆ ఒక్కరోజుకు ఆయనను ఏమీ అనలేదు.

మధ్యాహ్నానికి కొత్త సప్లై బిగించాం. బటన్ నొక్కితే దీపం వెలిగి, ఆరకుండా నిలబడింది. తెర మీద సగం గీసిన తంగేడు అంచు కనిపించగానే ముందు చేసిన పని, మూటను మా ఆయన నెత్తికెత్తి అక్క ఇంటికి పంపడం. తర్వాత కూర్చుని మిగతా సగం గీశాను. పువ్వుకూ పువ్వుకూ మధ్య సన్నటి తీగ పాకించాను, సూది ఎక్కడా దూకకుండా. ఆరేళ్లు ఆ దారాలు తెంపిన చేయి నాది, సూది దూకితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

శాంపిల్ బాగుందన్నారు. తర్వాత దాని సంగతి నాకేమీ తెలియలేదు. మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం కొత్తిమీర కోసం అక్క ఇంటికి వెళ్తే ఆమె చీరల కుప్ప మధ్యలో కూర్చుని ఉంది. కత్తెర చకచకా ఆడుతోంది. ఒళ్లో ఉన్న చీర అంచు పసుపుపచ్చగా ఉంది.

"ఈ డిజైన్ గీసినోడు ఎవడో గని మంచోడు చెల్లే" అంది తలెత్తకుండా. "దారాలే లేవు. చీర ఇట్ల పట్టుకుంటే అట్ల అయిపోతుంది. మెడ గూడ నొస్తలేదు."

నేను కొత్తిమీర సంగతి మరిచిపోయి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాను. ఇంకో కత్తెర తీసుకుని, ఒక చీర ఒళ్లోకి లాక్కుని, తెంపడానికి దారం కోసం వెతికాను.