కొట్టంలో ఇటలీ కారు

ముందే ఒప్పేసుకుంటాను. నా మాటల్లో సగం గాలి కొట్టి ఉబ్బించినవే. పక్కింట్లో బల్లి పడితే మొసలి పడిందని రాసే రకాన్ని. కాబట్టి కింద వచ్చే కొలతలన్నీ ఎవరికి తోచినంత వాళ్లు తగ్గించుకుని చదువుకోండి.

సోమందేపల్లె దగ్గర మా పశువుల కొట్టంలో ఒక ఇటలీ కారు ఉంది. ఇటలీవాళ్లు బొమ్మ గీస్తే బొంబాయివాళ్లు బిగించారు, మా నాయన కొన్నాడు. కరువులో పశువులన్నీ సంతకు పోయాయి. కారు మాత్రం మిగిలింది, దానికి మేత అక్కర్లేదు కనక. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉంటుంది. ముందు సీటు సోఫాలాగా ఒకటే పొడుగు. ఆ ముందు సీట్లోనే పద్నాలుగు మందిమి కూర్చుని ధర్మవరంలో పెళ్లికి వెళ్లాం. వెనక సీట్లో ఎంతమంది ఉన్నారో దిగేదాకా తేలలేదు. మేం ఊళ్లో బయలుదేరితే ఆ మోతకు పెనుకొండలో కోళ్లు గంపల కిందికి దూరేవి.

నాయన పోయాక కారు కూడా మొండికేసింది. ఈ పదిహేనేళ్లుగా దాని ప్రయాణం ఏడాదికి ఒక్క అడుగు, అదీ ఆయుధపూజ రోజున. పూజ చేసిన బండి చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం, అవి చితకాలి. ఇంజను నడవదని దేవుడి దగ్గర సాకులు చెప్పలేం కదా, అందుకని ఇంటిల్లిపాదీ వెనక చేరి తోస్తారు. నిమ్మకాయలు చితికాక ముందు చేరి మళ్లీ వెనక్కి తోస్తారు. నేను మాత్రం స్టీరింగు ముందు కూర్చుంటాను. ఎవరో ఒకరు తిప్పాలి మరి. నాయన కూర్చున్న చోట సీటు కుంగిపోయి ఉంటుంది. ఏడాదికోసారి ఆ పల్లంలో కూర్చోవడానికే ఆ బండిని పెట్టుకున్నానని నేను ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో చెప్పిన కారణం వేరు. “పాత ఐరోపా కార్లకు ముందు ముందు బంగారం ధర పలుకుతాది, ఉండనీ” అని నా భార్యను ఏటా ఊరిస్తూ వచ్చాను. ఆమెకు కొట్టం కావాలి, విత్తనపు శనక్కాయ మూటలు పెట్టుకోవడానికి. ఈసారి పట్టిన పట్టు వదల్లేదు.

“ఏమయ్యా, బంగారం బంగారం అంటానే ఉండావు. ఈడ కాయలన్నీ ఎలకలు తింటాండాయి. వానొచ్చే లోపల దాన్ని అమ్మనన్నా అమ్ము, పాత సామాన్లోనికన్నా ఎయ్యి.”

“వానొచ్చే లోపలా? ఇంకా నాలుగేండ్లు టైముండాదిలే.”

ఈ హాస్యం ఆమెకు రుచించలేదు. తన తమ్ముడి చేత ఫోటోలు తీయించి ఫోన్లో అమ్మకానికి పెట్టించింది. మూడో రోజుకే బెంగళూరు నుంచి ఒకాయన దిగాడు. పాత కార్లు కొని పోగేసుకునే ఆసామి. అప్పుడు గానీ నా తెలివి నాకు బోధపడలేదు. విలువ లేదని తేలితే కారును పాత సామాన్లవాడు పట్టుకుపోతాడు, ఉందని తేలితే ఈయన పట్టుకుపోతాడు.

ఆయన టార్చి తీసుకుని కారు కిందికి దూరాడు. అక్కడే కాపురం పెడతాడేమో అనుకునేంతలో బయటికొచ్చాడు.

“ఏం సార్ ఇది, తుప్పే లేదు! ఐరోపాలో ఈ కార్లన్నీ వానకూ మంచుకూ జల్లెడైపోయినాయి.”

“తుప్పు పట్టాలంటే నీళ్లు కావాల గదన్నా. మాకే లేవు, దానికి యాడనుంచి తెచ్చేది?”

కరువు మమ్మల్ని తప్ప అన్నింటినీ కాపాడుతుందని ఆరోజే తెలిసింది. ఆయన ఒంటిచేత్తో తోస్తే కారు గుమ్మం దాకా కదిలింది. “చక్రాలు కూడా పట్టేయలేదే!” అని నోరెళ్లబెట్టాడు.

“ఏటా నిమ్మకాయలు తొక్కిస్తాం గదన్నా” అంది నా భార్య, తానే మెకానిక్కు అయినట్టు.

ఇక నేను రంగంలోకి దిగక తప్పలేదు. “దాచేదేముండాది అన్నా, ఇంజన్లో తొండలు కాపురముండాయి. మూడు తరాలు.”

“తొండలూ లేవు, ఏమీ లేవు. మా మామ కన్నబిడ్డ మాదిరి చూసుకున్న్యాడు.”

పదిహేనేళ్లుగా దాన్ని తుక్కుబండి అన్న మనిషి మాట ఇది!

“బ్రేకులు పడవన్నా. ఆపాలంటే మా నాయన ఎదురుగా గడ్డివామి ఎతుక్కుంటాండె.”

“ఈయన్ని నమ్మద్దన్నా. ఈయన చెప్పేదాంట్లో పేరొకటే నిజం.”

ఆయన నవ్వుతూ నాయన సీట్లో కూర్చున్నాడు. ఆ పల్లాన్ని అరచేత్తో నొక్కి చూశాడు. “ఇదొకటి పీకేసి కొత్త స్పాంజి ఏపిస్తే సరి” అన్నాడు.

అక్కడితో నా దగ్గరున్న అబద్ధాలు అయిపోయాయి. ఆయన దిగి ఇంజను మీది నంబరు రాసుకుని, బండి కాగితం అడిగాడు.

ఆయన్ని గేటు దాకా సాగనంపి వచ్చి నా భార్యకు చెప్పాను. “ఇంజను మీద ఒక నంబరు, కాగితంలో ఒక నంబరు అంట. వద్దనె.”

ఆమె పోయి కారు వెనక తలుపు తీసింది. “అట్లయితే మూటలు దాంట్లోకే ఎత్తు. అద్దాలెత్తితే ఎలక్కూడా దూరదు” అంది.

వెనక సీటు నింపాం, డిక్కీ నింపాం. ఇంకొక మూట మిగిలితే స్టీరింగు ముందు పెట్టబోయాను.

“ఆడొద్దు. ఆడ నువ్వు కూర్చుంటావు గదా” అంది.

ఇందులో ఎంత కల్పించానని అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. పద్నాలుగు మంది కాదు, అయిదుగురం. తొండ ఒకటే, అదీ ఒంటరిది. ఈ లెక్కలు ఎక్కువ చేసి చెప్పినవే తప్ప పుట్టించినవి కావు. నేను పుట్టించింది నంబరు సంగతి ఒక్కటే. రెండు నంబర్లూ చక్కగా కలిశాయి. గేటు దగ్గర ఆయన “లారీ ఎప్పుడు పంపాల సార్?” అని అడిగితే, “ఏమనుకోవద్దన్నా, అది ఇచ్చేది కాదు” అన్నాను. కోప్పడతాడనుకున్నాను. “మా నాయనదీ ఒకటుండె సార్, అమ్ముకున్న్యాం. దాన్నే ఎతుకుతా తిరుగుతాండా” అని చెప్పి బండెక్కాడు.

ఈ ముక్క ఇంట్లో చెప్పలేదు. నా రాతలు నా భార్య చదవదు. అంతా అబద్ధమే కదా అంటుంది.