ఎస్ పక్కన దిష్టిచుక్క

ప్రతి జూన్‌లో ఎనిమిదో తరగతికి అపాస్ట్రఫీ చెప్పేదాన్ని. జూలై వచ్చేసరికి పిల్లలు మర్చిపోయేవారు. ఆగస్టులో మళ్ళీ చెప్పేదాన్ని. అక్షరం తల దగ్గర వేలాడే కామా ఇది, ఎక్కడ పెట్టాలో తెలియకపోతే పెట్టకుండా ఊరుకోండి, కనిపించిన చోటల్లా పెట్టకండి అని సుద్దముక్క అరిగేదాకా గీసి చూపించేదాన్ని. సారపాకలో మాది చిన్న ప్రైవేటు స్కూలు. ఇంగ్లిష్ చెప్పేది నేనొక్కదాన్నే. ఆరు నుంచి పది దాకా పిల్లలు రాసే తప్పులన్నీ నా నెత్తినే ఉండేవి.

పిల్లలు తెలివితక్కువ వాళ్ళేం కాదు. నేను గంటసేపు చెప్పింది వాళ్ళు గేటు దాటగానే బజారు చెరిపేసేది. టిఫిన్స్, మీల్స్, టైర్స్, కూల్ డ్రింక్స్ అంటూ ఎన్ని బోర్డులుంటే అన్నిట్లోనూ ఎస్ ముందు ఒక నల్లటి చుక్క, దానికో చిన్న తోక. ఒక కిరాణా కొట్టు పేరులో ఎస్సే లేకపోతే, పాపం దానికి మాత్రం ఎందుకు లోటు చెయ్యాలని, చివరి అక్షరం పక్కన పెట్టారు. పెట్టారు అని మర్యాదకి అంటున్నాను. పెట్టింది మా ఆయన.

సారపాక నుంచి బ్రిడ్జి దాటి భద్రాచలం బస్టాండు దాకా, అటు పర్ణశాల రోడ్డులో యాత్రికుల కోసం పుట్టుకొచ్చిన హోటళ్ళ దాకా, ఆ రోజుల్లో సగం బోర్డులు ఆయన చేత్తో రాసినవే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నాకు ఇంట్లోనే గెలుపు లేదు, ఇక రచ్చ సంగతి అడగనే అక్కర్లేదు.

అసలు ఈ చుక్క గోల మొదలైంది భద్రాచలంలో ఒక చెప్పుల కొట్టు దగ్గర. ఆ సేటు కుటుంబం మూడు తరాలుగా అక్కడే వ్యాపారం చేస్తోంది. సేటు కొత్తగా కొట్టు తెరుస్తూ పేరు ఇంగ్లిష్‌లో రాయించుకున్నాడు. మా ఆయన రేకు మీద ఎర్ర ఎనామిల్‌తో అక్షరాలు రాసి, నల్ల రంగుతో చుట్టూ గీత లాగి, తీసుకెళ్ళి తగిలించాడు. తీరా చూస్తే ఎస్ ముందు చుక్క పెట్టడం మర్చిపోయాడు. నిచ్చెన ఎక్కి, చేతిలో ఉన్న నల్ల రంగుతోనే అప్పటికప్పుడు పెట్టేశాడు. కింద నిలబడ్డ సేటు తల పైకెత్తి చూసి మురిసిపోయాడట. "మాషా అల్లా! పిల్లకు బుగ్గ మీద పెట్టినట్టే పెట్టినవ్ బేటా. ఇగ నా కొట్టుకు నజర్ తగల్దు" అన్నాడట.

ఆ వేసవిలో కొట్టు కిటకిటలాడింది. కిటకిటలాడదా మరి? బీడీలకి తునికాకు కోసిన డబ్బులు చేతికొచ్చిన వారమది. అడవి పల్లెల నుంచి జనం జీపుల మీద వేలాడుతూ వచ్చి, ఇంటిల్లిపాదికీ చెప్పులు కొనుక్కుని పోయే కాలం. ఏ చుక్కా లేకపోయినా ఆ కొట్టు నడిచేది. ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అప్పటినుంచి అదొక ఆనవాయితీ అయిపోయింది. బోర్డంతా ఇంటి దగ్గర రాసేవాడు గానీ, ఎస్ ముందు బొటనవేలంత జాగా వదిలేసేవాడు. కొట్టు తెరిచేరోజు, హిందువులైతే కొబ్బరికాయ కొట్టాక, ముస్లింలైతే ఫాతెహా చదివాక, అందరూ బయటికి వచ్చి నిలబడేవారు. మా ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, నిచ్చెన ఎక్కి, నల్ల కుంచెతో ఆ చుక్క పెట్టేవాడు. ముందు గుండ్రటి తల, తర్వాత వంకర తోక. ఆయన దిగాకే షట్టర్ లేచేది. మొదటి మిఠాయి ఆయన చేతిలోనే పెట్టేవారు.

మా ఇద్దరికీ దీని మీద జరగని గొడవ లేదు.

"ఏమయ్యా, టిఫిన్స్‌లో అది ఎందుకు? చదువుకున్నవాళ్ళు చూస్తే నవ్వుతారు."

"నవ్వనియ్. దిష్టి పోవాల్నంటే నవ్వాలె గదా."

"అది ఇంగ్లిషయ్యా, పసిపిల్ల బుగ్గ కాదు."

"ఏందే, నీ ఇంగ్లిషోళ్ళకు పసిపిల్లలు లేరా?"

అలా అనేవాడు. స్కూల్లో నా పరిస్థితి గోరుచుట్టు మీద రోకటిపోటు. ఒకసారి పరీక్ష పేపర్లలో ఎస్ అన్నచోటల్లా చుక్కలు పెడితే అన్నీ కొట్టేశాను. ఒక పిల్ల లేచి, "టీచర్, మరి మీ సార్ బజార్ల బోర్డుల మీద గట్లనే రాసిండు గదా!" అంది. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. హెడ్మాస్టరు మాత్రం నవ్వలేదు. "మీవారితో ఒకసారి మాట్లాడండమ్మా" అన్నాడు, నేనేదో మాట్లాడనట్టు.

ఆయన మొండితనం నాకు అర్థం కాక కాదు. బోర్డు రాసేవాణ్ణి ఎవరూ చూడరు. పెరట్లో గొంతుక్కూర్చుని, టర్పెంటైన్ వాసనలో, నడుం పట్టేసేలా రెండు రోజులు రాస్తాడు. కొట్టువాడు రేకు తీసుకుపోతాడు, అంతే. చుక్క పెట్టే ఆ ఐదు నిమిషాలు మాత్రం బజారు బజారంతా తలెత్తి ఆయన చేతివైపు చూస్తుంది. ఆయనకి తను పనిమంతుణ్ణనిపించేది అప్పుడే. అది పోతే ఆయన దగ్గర ఇంకేం మిగలదని నాకు తెలుసు. తెలిసీ గొడవపడేదాన్ని. తప్పు తప్పే కదా. ఇప్పుడడిగినా అదే చెబుతాను.

రెండు వేల ఐదు, ఆరు ప్రాంతంలో బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ షాపు వచ్చింది. గంటలో బోర్డు చేతికిచ్చేవారు. వెనక జలపాతాలు, గులాబీలు, ముందు యజమాని ఫొటో. స్కూల్లో చిల్డ్రన్స్ డే బ్యానర్ కోసం వెళ్ళి, అందులో ఉండాల్సిన అపాస్ట్రఫీ ఏదని కంప్యూటర్ ముందున్న ఆపరేటర్ని అడిగాను.

"ఆ కీ కొడితే ఈ ఫాంటుల ఇంకేదో వస్తది మేడమ్. తీసేస్తే పాయె. ఎవరు చూస్తరు?" అన్నాడు.

నిజమే, ఎవరూ చూడలేదు. హెడ్మాస్టరు కూడా చూడలేదు. ఒక్కొక్క కొట్టుకీ ఫ్లెక్సీ ఎక్కుతుంటే చుక్కలు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఉండకూడని చోటా పోయాయి, ఉండాల్సిన చోటా పోయాయి. నేను ఏళ్ళ తరబడి నోరు నొప్పిపుట్టేలా చెప్పి సాధించలేనిదాన్ని ఆ మిషన్ చూస్తుండగానే సాధించింది. టిఫిన్స్ బోర్డు ఇప్పుడు తప్పు లేకుండా ఉంది. నేను సంతోషపడాలి నిజానికి.

మా ఆయన పేపరు మిల్లులో కాంట్రాక్టు పనికి కుదిరాడు. పైపులకి రంగు వెయ్యడం. పసుపు పైపుకి పసుపు, నీలం పైపుకి నీలం. అక్షరం అన్నదే లేదు. సాయంత్రం వచ్చి, స్నానం చేసి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆదివారం మాత్రం పాత కుంచెలు తీసి కిరోసిన్‌లో నానబెట్టి, తుడిచి, మళ్ళీ డబ్బాలో పెట్టేవాడు, వెంట్రుక గట్టిపడకుండా. ఎందుకయ్యా అని నేను అడగలేదు. గొడవపడటానికి మా మధ్య ఏమీ మిగల్లేదు. ఆ నిశ్శబ్దం నాకు ఆ చుక్కలకంటే ఎక్కువ విసుగు తెప్పించింది. భయం కూడా వేసింది.

అలాంటి రోజుల్లో చెప్పుల సేటు, తన కొడుకు బండి వెనక కూర్చుని మా ఇంటికి వచ్చాడు. ముసలివాడైపోయాడు. కొడుకులు కొట్టుకి అద్దాల తలుపులు పెట్టించారట, పైన ఫ్లెక్సీ వేయించారట.

"పిల్లల ఇష్టం బేటా, నా మాట ఏడ వింటరు? కానీ నీ చుక్క లేకుండ షట్టర్ లేపనియ్యను. శుక్రవారం నమాజ్ అయినంక రా" అన్నాడు.

మా ఆయన ముఖంలో వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో. శుక్రవారం మిల్లుకి పోలేదు. గడ్డం గీసుకున్నాడు. నల్ల రంగు డబ్బా మూత రాకపోతే స్క్రూడ్రైవర్‌తో పీకి, పైన కట్టిన తెట్టు తీసేసి, చిక్కదనం చూసుకున్నాడు. నేను మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి వెంట వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే చెప్పలేను. ఒంటరిగా పంపబుద్ధి కాలేదు.

కొట్టు ముందు పాత వ్యాపారులు కొందరు నిలబడ్డారు. సంతకొచ్చిన అడవి పల్లె వాళ్ళు కూడా ఏంటో చూద్దామని ఆగారు. సేటు ఫాతెహా చదివాడు. మా ఆయన నిచ్చెన ఎక్కాడు.

ఫ్లెక్సీ నిండా బూట్లు, మెరుపులు, పరుగెత్తుతున్న ఒక తెల్లమ్మాయి. మధ్యలో కొట్టు పేరు, అక్షరాన్ని అక్షరం తోసుకుంటూ. ఆయన కుంచె ఎత్తి ఎస్ దగ్గరికి తీసుకెళ్ళి ఆగిపోయాడు. ఆయన ఎప్పుడూ వదిలే ఆ బొటనవేలంత జాగా ఇక్కడ ఎవరు వదులుతారు? కింది నుంచి సేటు కొడుకు, "జర చూసి అంకుల్, ఫ్లెక్సీ ఖరాబైతది" అన్నాడు. ఆయన ఒక మూల కుంచె ఆనించి చూశాడు. రంగు చేమాకు మీద నీళ్ళలా జారింది. భుజం మీది తువ్వాలుతో తుడిచేశాడు. మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకి చూశాడు. కింద అందరూ తలలెత్తి ఎదురుచూస్తున్నారు. ఎవరో దగ్గారు.

ఆయన నిచ్చెన మీదే వెనక్కి తిరిగి నా కోసం వెతికాడు.

"టీచరమ్మా, ఏడ పెట్టాలె?"

ఆ పిలుపు ఇంట్లో నన్ను ఆటపట్టించడానికి వాడేది. అప్పుడు ఆ గొంతులో ఆట లేదు. ఇన్నేళ్ళలో ఎక్కడ పెట్టకూడదో నేను చెబుతూనే ఉన్నాను. ఎక్కడ పెట్టాలో ఆయన అడగడం అదే మొదటిసారి. నేనూ ఆ ఫ్లెక్సీ అంతా వెతికాను. ఆవగింజంత చోటు కూడా కనిపించలేదు. ఏడుపొచ్చింది నాకు, అంతమందిలో.

"పక్కన గోడ మీద పెట్టయ్యా," అన్నాను. "సున్నం మీద బాగా అంటుకుంటుంది."

ఆయన దిగాడు. నిచ్చెన పక్కకి జరుపుకున్నాడు. మళ్ళీ ఎక్కి, ఏ అక్షరమూ లేని తెల్ల గోడ మీద, తీరిగ్గా, ముందు గుండ్రటి తల, తర్వాత వంకర తోక గీశాడు. సేటు కళ్ళు మూసుకుని ఏదో అనుకున్నాడు. షట్టర్ లేచింది. మొదటి మిఠాయి మా ఆయన చేతిలోనే పెట్టారు.

తిరిగి వస్తూ బ్రిడ్జి మీద నడిచాం. కింద గోదావరి సన్నగా ఉంది. మా పక్కనుంచే వెదురు లారీలు మిల్లు వైపు వరసగా పోతున్నాయి. సగం దూరం వచ్చాక ఆయన ఆగి, కడ్డీ పట్టుకుని, నా వైపు చూడకుండా అడిగాడు.

"పక్కన అక్షరమే లేదు గదా. తప్పు గాదు గదా అది?"

"కాదు," అన్నాను. "సరిగ్గా పెట్టావు."