బతికున్న ఫొటోకి బంతిపూల దండ

కక్కలేక మింగలేక ఏడేళ్ళు మోశాను. ఇంట్లోవాళ్ళకి చెప్పలేను. స్నేహితులకి చెబితే నవ్వుతారు, లేదా నవ్వరు. రెండూ భయమే. మీరు నాకు తెలియరు, నేను మీకు తెలియను. అందుకే మీకు చెబుతున్నాను.

2012లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో డ్రామా చదివేవాణ్ణి. ఆ చదువేమిటని మా ఇంట్లో అందరూ నవ్వారు. కోవెంట్రీలో డాక్టరుగా పనిచేసే మా అక్క ఒక్కతే నా తరఫున నాన్నతో పోట్లాడి నన్ను ఇక్కడికి రప్పించింది. ఇది ముందే చెప్పాలి. నేను తప్పు చేసింది ఆవిడకే.

అమెరికాలో స్థిరపడ్డ మెక్సికోవాళ్ళ కళలు, నాటకాలు మా కోర్సులో ఒక భాగం. ద్రాక్షతోటల కూలీలు లారీ వెనక ఎక్కి, మెడలో ‘యజమాని’, ‘కూలీ’ అని రాసిన అట్టలు తగిలించుకుని, తమ కష్టాన్ని తామే ఆడి చూపించేవారట. చదువుతుంటే ఒళ్ళు పులకరించేది. వాళ్ళు తమది కాని ఏడుపు ఏడవలేదు అని వ్యాసంలో గొప్పగా రాశాను కూడా. మా టీచరు దాని కింద ఒక్క ప్రశ్న రాసింది: ఇందులో నువ్వెక్కడ?

పోయినవాళ్ళ కోసం ఇంట్లో పెట్టుకునే పీఠాన్ని ఆ మెక్సికో కళాకారులు గ్యాలరీల్లోకి తెచ్చారు. ఫొటోలు, కొవ్వొత్తులు, బంతిపూలు. అలాంటిదొకటి మేమంతా కలిసి కట్టాలి, ఎవరి మనిషిని వాళ్ళు తీసుకురావాలి అంది టీచరు. అందరం గుండ్రంగా కూర్చున్నాం. టెక్సస్ నుంచి వచ్చిన మెక్సికన్ అమ్మాయి మారిసోల్ వాళ్ళ అమ్మమ్మ గురించి చెప్పి ఏడ్చింది. తర్వాత నా వంతు.

ఎందుకన్నాను? నాకూ అమ్మమ్మ ఉండేది, పోయింది. ఆవిడ పేరు చెప్పొచ్చుగా? కానీ ముసలావిడ పోవడంలో ఏముందని ఆ క్షణంలో లెక్కవేసిన బుర్ర నాదే. “మా అక్క పోయింది” అన్నాను. గదంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం నాకు నచ్చింది. అసలు పాపం అదేనేమో.

మర్నాడైనా దిద్దుకోవచ్చు. కానీ మర్నాటికే మారిసోల్ పీఠం మధ్యలో వాళ్ళ అమ్మమ్మకి అనుకున్న చోటు మా అక్కకి ఇచ్చేసింది. చిన్నవయసులో పోయినవాళ్ళు ముందుండాలట. ఇక నోరెలా వస్తుంది?

అక్క రెండు జడలతో, ఓణీలో ఉన్న పాత ఫొటో పెద్దది చేయించాను. మన ఇళ్ళల్లో ఫొటోకి బొట్టు పెట్టి దండ వేశామంటే ఆ మనిషి ఇక లేనట్టే. బతికున్నవాళ్ళ ఫొటో మీద పొరపాటున పువ్వు పడినా అమ్మ అదిరిపడి తీసేసేది. అది తెలిసీ వేశాను.

ప్రదర్శన రోజు అక్క చెప్పకుండా వచ్చింది. ఆసుపత్రిలో డ్యూటీ మార్చుకుని, డబ్బాలో పులిహోర పట్టుకుని. గుమ్మంలోంచే, “అబ్బ, బంతిపూలు! పండగిల్లులా ఉందిరా!” అంటూ పీఠం దగ్గరికి నడిచింది. ఆపలేకపోయాను. ఆ పూల మధ్య తనని తాను చూసుకుంది.

అంతలో మారిసోల్ మా దగ్గరికి వచ్చింది.

“మీ ఇంటివాళ్ళా? ఆ అమ్మాయి కళ్ళే ఈవిడవి” అని అడిగింది.

“కాదు, తెలిసినావిడ” అన్నాను.

అక్క నా వంక చూడలేదు. ఫొటోనే చూస్తూ మారిసోల్‌తో ఇంగ్లీషులో అంది: “ఆ పిల్ల నాకు బాగా తెలుసు. తమ్ముడంటే దానికి ప్రాణం.”

బయటికొచ్చాక డబ్బా నా చేతిలో పెట్టింది. “అమ్మకి మాత్రం తెలియనివ్వకురా. తట్టుకోలేదు” అంది. అంతే. తిట్టలేదు. చెంప పగలగొట్టినా బాగుండేది. నాకు క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి.

మరుసటేడు అక్కకి ఆపరేషన్ అయింది. ఆసుపత్రి వరండాలో కూర్చున్నంతసేపూ నా కళ్ళ ముందు ఆ దండే. కోలుకుంటూ నా మొహం చూసి, “నీ దండకి అంత బలం లేదులేరా” అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. క్షమించమని అప్పుడైనా అడగొచ్చు. అడగలేదు.

మారిసోల్ ప్రదర్శన రోజే ఆ ఫొటో కాపీ ఒకటి అడిగి తీసుకుంది. ఏటా నవంబరులో, పోయినవాళ్ళని తలుచుకునే వాళ్ళ పండక్కి, టెక్సస్‌లో వాళ్ళింటి పీఠం ఫొటో నాకు పంపుతుంది. వాళ్ళ అమ్మమ్మ పక్కన మా అక్క, ముందు కొవ్వొత్తి. సొంతవాళ్ళు కూడా అంత శ్రద్ధగా తలుచుకోరు. ఏటా నేను థాంక్యూ అని రాస్తాను.

ఈ ఉదయం మళ్ళీ వచ్చింది. చూస్తుండగానే అక్క ఫోను. “తిన్నావా?” అంది, ఎప్పటిలాగే. తిన్నానన్నాను. ఆ ఫోను పెట్టేసి మారిసోల్‌కి రాశాను: మా అక్క బతికే ఉంది. ఆ రోజు నీ పక్కన నిలబడ్డది ఆవిడే.

చదివింది. జవాబు రాలేదు. రాకపోవచ్చు. ఆ కొవ్వొత్తి ఆర్పేసిందో, అలాగే ఉంచిందో తెలియదు. అక్క కాళ్ళు పట్టుకోవడం ఇంకా మిగిలే ఉంది, ఆ ధైర్యం ఎప్పుడొస్తుందో తెలియదు.

మా అక్క బతికే ఉంది. ఈ నాలుగు మాటలూ పలకడానికి నాకు ఏడేళ్ళు పట్టింది.