మొదటి నాడె వేసిన చెయ్యి

"అమ్మీ, మళ్ళా ఎప్పుడొస్తావే?"

"నేనెందుకక్కా? నీ మగ్గానికి నీ కోడలుండాది కదా."

పెనుకొండ బస్టాండులో మేమిద్దరం మాట్లాడుకున్న చివరి మాటలివి. ఆమె సంచి చంకన పెట్టుకుని కూతురింటికని బస్సు దిగిపోయింది. ధర్మవరం వచ్చేదాకా నేను తల ఎత్తలేదు. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

కోడలా, నీ మీద పెట్టి అబద్ధమాడాను. అది కూడా రాయి. రాస్తూ నా మొహం చూడొద్దు.

ఆమె మా పక్కింటామె, సాయిబుల ఇంటి మనిషి. నాకంటే చిన్నది. నా పెనిమిటి పోయినాక పట్టుచీరల మగ్గం నేనే నేస్తున్నాను. నేయడానికి నా చేతులు పనికొస్తాయి, మొదలుపెట్టడానికి మాత్రం పనికిరావు. మా ఇళ్ళలో కొత్త పడుగు ఎక్కిస్తే పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, పేక దారాన్ని అటూ ఇటూ మోసే నాడె ఉంటుంది కదా, ఆ మొదటి నాడె ముత్తైదువ చేత వేయిస్తారు. ఏ పెండ్లికూతురు కట్టే చీరో అది. ఎదురింటామెను పిలిస్తే ఒకసారి వచ్చింది, నా బోసి మెడ చూసింది, వేసి పోయింది. మళ్ళీ పిలిస్తే తలుపు తీయలేదు.

ఆ రోజు ఈ పక్కింటామే మా గడప దాటి లోపలికొచ్చింది. "నా మొగుడు దున్నపోతు మాదిరి బతికే ఉండాడు కదక్కా, బజార్లో అరటిపండ్లు అమ్ముకుంటా. నేనేస్తా జరుగు" అంది. బిస్మిల్లా అని నాడె విసిరింది. ఆ చీర మగ్గం దిగీ దిగకముందే అమ్ముడుపోయింది. అప్పటినుంచి ప్రతి పడుగుకూ ఆమె చెయ్యే. నువ్వు ఈ ఇంటికొచ్చినాక కూడా నిన్ను పిలవలేదు. ఆమె చెయ్యి పడితే గానీ నా మనసు ఒప్పేది కాదు.

కానీ నలుగురూ చూస్తారని వీధి తలుపు మూసి వేయించేదాన్ని. ఎందుకు మూస్తావని ఆమె ఒక్కనాడూ అడగలేదు.

మొన్న హిందూపురం అవతల యూనివర్సిటీలో పండగ లాంటిది చేశారు. నానా రాష్ట్రాల పిల్లలు, వాళ్ళ ఆటలు, పాటలు, వంటలు. చిన్న మగ్గం పెడతాం రమ్మంటే ఆమెను తోడు తీసుకుపోయాను. పొద్దున ఎంత నవ్వుకున్నామో! ఎక్కడో ఈశాన్యం పిల్లలంట, గుండ్రంగా బిర్రుగా నిలబడే పావడాలు కట్టి ఆడుతున్నారు. "అక్కా, ఆ గుడ్డ గంప మాదిరి నిలబడుకోనుండాది. దాంట్లో ఎట్ల కూచుంటారే?" అని నా చెవిలో ఒకటే గుసగుస.

మధ్యాహ్నం మాటల కార్యక్రమం. మమ్మల్నిద్దరినీ స్టేజీ మీద పక్కపక్కన కూర్చోబెట్టారు. మీ వీధిలో అందరూ కలిసే ఉంటారా అని ఒక పిల్ల అడిగింది. ఆమె మైకు లాక్కుంది. "కొళాయి కాడ తప్ప యాడా కొట్లాడుకోమప్పా!" హాలంతా నవ్వింది.

తర్వాత ఆ పిల్ల నన్నడిగింది. "అవ్వా, కొత్త పడుగుకు మొదటి నాడె ఎవరు వేస్తారు?"

ముందు వరసలో మా వీధి ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ పిల్లలు అక్కడే చదువుతున్నారు. పెండ్లిచీరలు నా దగ్గరే నేయించుకుంటారు. ఎదురింటామె నా వైపే చూస్తోంది.

"మా కోడలు" అన్నాను.

పక్కన ఆమె చెయ్యి నా చేతికి తగులుతూనే ఉంది. మెల్లగా తీసేసుకుంది.

"మరి మీరేం చేస్తారు?" అని ఆ పిల్ల ఆమెనడిగింది. బయటపెట్టి ఉంటే నాకు తగిన శాస్తి అయ్యేది.

"నేనేం చేస్తా తల్లీ, అక్కకు తోడొచ్చినా అంతే" అంది. నన్ను కాపాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. మాలాంటి వాళ్ళే దేశానికి కావాలని ఒక పెద్దాయన శాలువాలు కప్పాడు. నాకు ఆ శాలువా కింద ఒళ్ళంతా చెమట. బస్సెక్కినాక ఆమె తన శాలువా మడిచి నా ఒళ్ళో పెట్టింది. "ఇది నీ కోడలికియ్యి" అంది.

అప్పటినుంచి పక్కింటికి తాళం. ఆమె పెనిమిటి కూడా పెనుకొండకే పోయాడు. ఇక్కడ కొత్త పడుగు ఎక్కి కూర్చుంది. "నేనేస్తాలే అత్తా, అబద్ధం నిజమయితాది" అన్నావు నువ్వు. వద్దు. ఆ నిజం నాకొద్దు.

మగ్గం సంగతి చెబితే పుస్తకంలో వేస్తామని ఆ యూనివర్సిటీ పిల్లలు అడిగారు కాబట్టి ఇదే పంపు. ఆమెను పోగొట్టుకున్నది అందరి ముందు. ఇదీ అందరూ చదవాలి, ఎదురింటామెతో సహా. చీరలు నేయించుకోకపోతే మానుకోనీ. దీన్ని తీసుకుని రేపు పెనుకొండకు పోదాం. ఆమెకు నువ్వే చదివి వినిపించాలి. నా మొహం పెట్టుకుని నేను చెప్పలేను. వస్తుందో రాదో తెలియదు.

ఏదీ, మొదటినుంచి ఒకసారి చదువు. ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొచ్చి ఉంటే ఆపి చెప్పు. గట్టిగా చదువు. ఆగు, ముందు లేచి ఆ వీధి తలుపు తీయి.