అత్త రాయి మీది మాట

మా మేనత్త మదనపల్లెలో మిషన్ ఆస్పత్రి నర్సుగా చేసి రిటైరైంది. మా పాత క్రైస్తవ కుటుంబాల్లో కొందరికి బతికుండగానే సమాధి రాయి చెక్కించుకునే అలవాటుంది. పోయే తేదీ ఒక్కటే ఖాళీగా వదిలేస్తారు. అత్త కూడా పుంగనూరులో రాళ్లు చెక్కే ఆయనకు ఆర్డరిచ్చి, కుప్పంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే నాకు ఫోన్ చేసింది.

"తప్పులేమన్నా ఉండాయేమో సూడు నాయనా."

రాళ్లు చెక్కే ఆయన వాట్సాప్‌లో పంపిన నమూనా కాగితం చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. పైన అత్త పేరు, కింద మామ పేరు, మధ్యలో "రెలిక్ట్ ఆఫ్" అని ఉంది. ఎప్పటి మాట అది! భర్త పోయాక మిగిలిన ఆడమనిషిని పూర్వం ఇంగ్లీషువాళ్లు ఫలానావారి రెలిక్ట్ అని దస్తావేజుల్లో, సమాధుల మీద రాసేవారు. మూలం వెతికితే లాటిన్‌లో విడిచిపెట్టబడినది అని అర్థం. ఇప్పుడు మనుషులకెవరూ వాడరు. అంతటా నశించి ఏ కొండమీదో మిగిలిన మొక్కకు వాడతారు.

అత్తకు ఇదంతా తెలియదనుకున్నాను. పాత సమాధుల తోటలో ఏ దొరసాని రాయో చూసి, గొప్పగా ఉందని ఎక్కించి ఉంటుంది. మావాళ్లకు దొరలు రాసిందంతా వేదమే. ఆరోజు క్లాసులో కాలు నిలవలేదు. చెబితే ముసలామె బాధపడుతుంది. చెప్పకపోతే వచ్చేపోయేవాళ్లంతా ఆమెను మిగిలిపోయిన వస్తువనుకుంటారు. ఆ మాట చదివి అర్థం చేసుకునేవాడు ఆ చుట్టుపక్కల నేను తప్ప ఎవడున్నాడన్న ఆలోచన మాత్రం రాలేదు.

మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాను. పలమనేరులో డ్రైవర్ దిగి టీ తాగుతుంటే ఆయన మీద కూడా కోపమొచ్చింది. పుంగనూరు చేరేసరికి రాయి మీద సుద్దతో అక్షరాలు గీసి ఉన్నాయి. రాళ్లు చెక్కే ఆయన ఉలి చేతికి తీసుకుంటున్నాడు.

"ఆగప్పా! ఆ మాట తీసేసి వైఫ్ అని పెట్టు."

"అమ్మను అడిగితివా సార్?"

"నేను చెప్పుకుంటాలే."

సాయంత్రం దాకా పక్కనే కూర్చుని చెక్కించి, ఫోటో తీసుకుని మదనపల్లె పోయాను.

అత్త కళ్లజోడు పెట్టుకుని ఫోటో చూసింది. మెచ్చుకుంటుందని ఎదురుగా కూర్చున్నాను.

"ఎవరు మార్చమనింది దీన్ని?"

రెలిక్ట్ అంటే ఏమిటో, ఆమె నొచ్చుకోకుండా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాను. చివరిదాకా వింది.

"నాకు తెలీదనుకుంటివా? ట్రైనింగప్పుడే డాక్టరమ్మను అడిగి తెలుసుకుంటిని. సమాధుల తోటలో ఆ మాట ఉండే రాయి కింది దొరసాని, మొగుడు పోయినాక ముప్పై ఏండ్లు మా ఆస్పత్రిలోనే పని చేసిందంట. అందుకే ఆ మాట కావాలనుకుంటిని."

ఫోటో నా చేతికి తిరిగిచ్చేసింది.

"మీ మామకు పెండ్లాంగా ఉండింది ఎనిమిది నెల్లు. ఆయన పోయినాక నలభై ఏండ్లు ఈ చేతుల్తో ఎంతమంది బిడ్డల్ని భూమ్మీదికి తీస్తిని! ఆ ఎనిమిది నెల్లు రాయి మీద పెట్టి, నా నలభై ఏండ్లు యాల చెరిపేస్తివప్పా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ బిడ్డల్లో నేనూ ఒకణ్ణి. పొద్దున్నే మొదటి బస్సుకు పుంగనూరు పోయి, ఇంకో రాయి తీయమన్నాను.