కూతపెట్టే పట్టుకారు

కరీంనగర్‌లోని ఒక ఆసుపత్రిలో వార్డుబాయ్‌గా పనిచేస్తున్న దేవదాస్ పూర్వం నేతకారుడు. ఏ దారం కనబడినా మునివేళ్లతో మీటి బిగువు చూడనిదే కదలడు. 1996లో ఒకరోజు అక్కడికి, కొనలో సెన్సర్ అమర్చిన సన్నని పట్టుకారు వచ్చింది. బిగించి పట్టుకుంటే కూతపెడుతుంది. మరునాడు అతని భార్య కమలవ్వ కడుపుకు చిన్న రంధ్రాలు చేసి, సదరు పట్టుకారుతోనే పిత్తాశయాన్ని తొలగించవలసి ఉంది. డాక్టర్ దామోదర్‌రావు మేకపేగుపై సాధన చేయగా, పట్టిన ప్రతిసారీ కూతే! "సారూ, గట్ల పిసికితె పేగు నలుగదా? పోగు వట్టినట్టు వట్టుండ్రి" అని దేవదాస్ తానే పట్టి చూపించాడు. చప్పుడు లేదు.

డాక్టర్ సాయంత్రం వరకు అతని వద్ద తెగిన పోగులు అతకడం నేర్చుకున్నాడు. మరునాడు దేవదాస్ ఆపరేషన్ గది తలుపుకు చెవి ఆనించి నిలబడగా, గంటసేపు ఒక్క కూతా వినబడలేదు. అతడు గంతులు వేస్తూ వెళ్లి, స్పృహ వచ్చిన భార్య చేతిని ఆనందంతో గట్టిగా పట్టుకున్నాడు.

"మెల్లగ వట్టయ్యా, లేకుంటె నేనే కూత వెడ్త!" అన్నది కమలవ్వ.